ఆరున్నొకటి

మా కళ్ళంలో ఒకటి, ఏడు అనే అంకెలు వినపడేవి కావు. ధాన్యం కొలిచే మనిషి మొదటి కుంచం పోస్తూ "లాభం" అనాలి. తర్వాత రెండు, మూడు అంటూ అందరిలాగే ఆరు దాకా వెళ్ళి, ఆరు తర్వాత "ఆరున్నొకటి" అనాలి. ఆ పైన ఎనిమిది. ఏడు అంటే ఏడవమని కూడా కదా, ఏడాది కష్టమంతా రాశిగా పోసుకుని దాని ముందు కూర్చుని ఏడు, ఏడు అంటామా అని మా వాళ్ళ భయం. పదిహేడు వచ్చినా పదహారున్నొకటే, ఇరవై ఏడు వచ్చినా ఇరవయ్యారున్నొకటే. చెప్పులున్నవాళ్ళు చెప్పులు బయట విడిచినట్టు, ఆ రెండు మాటలూ గట్టు మీద విడిచి కళ్ళంలోకి దిగేవాళ్ళం. పిల్లలకు కూడా ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు.

మా నాన్నను మేం అయ్య అనేవాళ్ళం. మా ఊరు నౌపడకి నడిచి వెళ్ళేంత దూరం. గాలి తిరిగిన రోజున ఉప్పు మళ్ళ వాసన ఇంట్లోకే వచ్చేది. ఆ చుట్టుపక్కల ఎవరి కళ్ళంలో రాశి పడినా కొలవడానికి ముందు మా అయ్యకే కబురు. ఆయన చెయ్యి మంచిదని పేరు. ఆయన కొలిస్తే గింజ పెరుగుతుందనేవారు. ఎలా పెరుగుతుందని అడిగే తెలివి నాకు చాలా ఆలస్యంగా వచ్చింది గానీ అప్పట్లో నేనూ నమ్మాను. తలకు తుండు చుట్టుకుని, తూర్పు మొహంగా గొంతుక్కూర్చుని, రెండు చేతులతో గింజ తోడి కుంచంలో పోస్తూ, అది నిండేదాకా ఆ అంకెనే సాగదీసి అంటూ ఉండేవాడు. లాభం లాభం లాభం, అని ఒంపేవాడు. రెండు రెండు రెండు, అని ఒంపేవాడు. అందుకు కూలి పుచ్చుకునేవాడు కాదు. చివర్న ఇచ్చే దోసెడు ధాన్యం, ఆకూ వక్కా, అంతే. ఆ పిలుపే ఆయనకు గొప్ప. పిలవడానికి వచ్చిన మనిషిని వాకిట్లో కాసేపు ఊరికే నిలబెట్టేవాడు, వీధిలో వాళ్ళంతా చూడాలని.

అంత పేరున్న మనిషికి పుట్టి నేను లెక్కల్లో నత్తని. రావని కాదు. వచ్చేవి, అందరి తర్వాత వచ్చేవి. ఎనిమిది తొమ్ముదులెంత అని అడిగితే జవాబు నా దగ్గర విడిగా ఉండేది కాదు. ఎనిమిదొకట్లు ఎనిమిది, ఎనిమిది రెళ్ళు పదహారు అని మొదట్నుంచీ ఎత్తుకుని, మెట్టుమెట్టూ ఎక్కితే గానీ డెబ్బై రెండు దగ్గరికి చేరేదాన్ని కాదు. మధ్యలో ఎవరైనా దగ్గితే మళ్ళీ మొదటికి. ఐదో తరగతి మేష్టరు లెక్క చెప్పి బెత్తం పైకెత్తేవారు. అది బల్ల మీద పడేలోపు పలకల మీద జవాబు రాసి ఎత్తాలి. అందరి పలకలూ లేచాక, ఆయన బెత్తం కింద పెట్టేశాక, నాది లేచేది.

"నీ జవాబొచ్చేసరికి పాతపట్నం సంతకెళ్ళి రావొచ్చే," అనేవారు మేష్టరు. ఆయనదీ పక్క ఊరే. క్లాసంతా నవ్వేది. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు. తర్వాత్తర్వాత నవ్వడం మానేసి పలక ఎత్తడమే మానేశాను. జవాబు రాసి, బొటనవేలి తడితో తుడిచేసి, రానట్టు కూర్చునేదాన్ని. నెమ్మదైన పిల్ల అనిపించుకోవడం కన్నా రాని పిల్ల అనిపించుకోవడం నాకు తేలిగ్గా ఉండేది. ఎందుకలాగో ఇప్పటికీ చెప్పలేను.

మా ఊరి బడి ఐదుతో సరి. అరవైల చివరి రోజులవి. ఆ పైన చదవాలంటే ఆడపిల్ల ఒక్కతే అంత దూరం నడిచి వెళ్ళాలి, ఎవరూ పంపరు. ఐదు అయిపోయిన ఆడపిల్లలందరూ చేసిందే నేనూ చెయ్యాలి, పొద్దున్న పేడకళ్ళు, పగలు నాట్లో కలుపో. విజయనగరంలో ఒక ఆడపిల్లల బడి ఉందనీ, పరీక్షలో నెగ్గిన కొద్దిమందికి హాస్టలుతో సహా ఊరికే సీటు ఇస్తారనీ, రాత పరీక్ష అయ్యాక నోటి లెక్కలు అడుగుతారనీ మేష్టరే మా అయ్యకు చెప్పారు. రాత పరీక్షకు ఢోకా లేదట. నోటి లెక్కల దగ్గర మాత్రం వాళ్ళు బల్ల మీద గంట పెట్టుకుంటారు, అది కొట్టేలోపు చెప్పాలి, మీ పిల్ల చెప్పలేదు, అన్నారట. చదువుకోవాలని ఉందా అని అయ్య నన్నెప్పుడూ అడగలేదు. నేను పుస్తకం చూసే చూపు ఆయన చూసే ఉంటాడు. నాకు ఆ సీటు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఆ మాట పైకి అనడానికి కూడా సిగ్గుపడేదాన్ని.

నూర్పులు జరుగుతున్న రోజులు. మా ఇంట్లో గడియారం లేదు. ఒక సాయంత్రం కళ్ళంలో పని ముగిశాక అయ్య నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తూర్పారబట్టగా మిగిలిన తాలు కుప్ప పక్కకు లాక్కుని, కుంచం ముందు పెట్టుకున్నాడు. లెక్క ఒకటి అడిగి చేతులతో తాలు తోడడం మొదలుపెట్టాడు. కుంచం నిండి ఒంపేలోపు నేను చెప్పాలి. అదీ మా గడియారం.

మొదటి రోజు ఒక్క జవాబుకి మూడేసి కుంచాలు ఒంపాడు. తిట్టలేదు. ఒంపిన తాలు మళ్ళీ కుంచంలోకి తోడుతూ ఇంకోటి అడిగాడు. రోజూ అదే పని, చీకటి పడేదాకా. కొన్నాళ్ళకు ఎక్కం మొదట్నుంచీ ఎత్తుకోవడం నాకే విసుగనిపించింది. తొమ్మిదో ఎక్కమైతే పదో ఎక్కం చెప్పి ఒకసారి తీసెయ్యడం, కూడికైతే పదులు ముందు కలుపుకుని ఒకట్లు తర్వాత కలపడం, ఇవన్నీ మేష్టరు ఎప్పుడో చెప్పినవే. చెప్పినప్పుడు చెవిన పడి పోయాయి. కుంచం నిండుతుంటే గుర్తుకొచ్చాయి. జ్వరమొచ్చి నాలుగు రోజులు మానేస్తే వేగం సగం పోయింది, మళ్ళీ కూర్చుంటే రెండు రోజుల్లో తిరిగొచ్చింది. చివరికి ఒక సాయంత్రం లెక్క అడగడం పూర్తవుతూనే జవాబు నోట్లో ఉంది. నేను ఎక్కడికీ వెళ్ళి తేలేదు, అది అక్కడే ఉంది. కుంచంలో అడుగు కూడా నిండలేదు. అయ్య చేతుల్లోని తాలు అలాగే పట్టుకుని నన్ను చూసి నవ్వాడు. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. కుంచం పట్టుకుని కూర్చున్నాక అందులో ఉన్నది తాలే అయినా అయ్యకు అది కళ్ళమే. జవాబు ఒకటి అయితే నేను లాభం అనాలి, ఏడు అయితే ఆరున్నొకటి అనాలి. ఒకసారి మర్చిపోయి ఏడు అన్నానని కుంచం బోర్లించి లేచి వెళ్ళిపోయాడు. తాలుకి లాభమేమిటి, నష్టమేమిటి అని నాకు లోపల నవ్వొచ్చింది గానీ ఆ తర్వాత ఎప్పుడూ మర్చిపోలేదు. బడిలో పలక మీద 7 అని అంకె వేసేదాన్ని కనక మేష్టరుకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. నోటితో వేగంగా లెక్క చెప్పడం మాత్రం నేను నేర్చుకున్నది కుంచం ముందే. నా వేగానికి ఉన్న భాష అదొక్కటే.

వేసవిలో నౌపడలో రైలెక్కి విజయనగరం వెళ్ళాం. అయ్య ఉతికిన పంచె కట్టుకున్నాడు. ఆ బడిలో గోడలకు సున్నం కొత్తగా వేసినట్టుంది. నాలాంటి పిల్లలు చాలామంది, నాలాంటి జడలు మాత్రం ఎవరికీ లేవు, వాళ్ళవి రిబ్బన్లతో మడిచి కట్టినవి. రాత పరీక్ష బాగా రాశాను. మధ్యాహ్నం ఒక పెద్ద గదిలో పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరినే లేపి నోటి లెక్కలు అడిగారు. తల్లులూ తండ్రులూ వరండాలో కిటికీల దగ్గర నిలబడ్డారు. అడిగే టీచరమ్మ ఇటువైపు మనిషి కాదు, మాట తీరులోనే తెలుస్తోంది. కోపిష్టి ఏం కాదు. నా ముందు పిల్ల తడబడితే నీళ్ళు తాగి చెప్పమని కూడా అంది.

నా వంతు వచ్చింది. మొదటి లెక్కలు గంట దాకా వెళ్ళనివ్వలేదు. అడగడం అయిందో లేదో చెప్పేశాను. టీచరమ్మ తల ఎత్తి చూసింది. పక్క బెంచీల పిల్లలు చూశారు. జీవితంలో మొదటిసారి నా జవాబు అందరి కన్నా ముందుంది. కిటికీ వైపు చూడకుండానే అయ్య నవ్వుతున్నాడని తెలిసింది.

"అరవై మూడు మామిడిపళ్ళు తొమ్మిదిమందికి సమానంగా పంచితే, ఒక్కొక్కరికి ఎన్ని?"

"ఆరున్నొకటి," అన్నాను.

టీచరమ్మ ఆగింది. "ఆరా? ఆరొచ్చి, ఒకటి మిగులుతుందా?"

భాగహారం కదా. ఆరు భాగఫలం, ఒకటి శేషం అన్నానని ఆవిడ అనుకుంది. అలా అనుకోవడంలో ఆవిడ తప్పేమీ లేదు. కాదని తల ఊపి మళ్ళీ ఆరున్నొకటి అన్నాను. మిగలదా, మరి ఒకటి ఎక్కడిది, అంది. మళ్ళీ ఆరున్నొకటే అన్నాను. నాకు తెలుసు, ఏడు అనాలని. పలక ఉంటే రాసి చూపించేదాన్ని. కానీ గంట మీద ఆవిడ చెయ్యి ఉంది. ఆ చెయ్యి పడేలోపు చెప్పాలంటే నా నోటికి వచ్చే మాట ఇంకోటి లేదు. ఎవరో పిల్ల పక్కున నవ్వింది. తర్వాత వరసంతా నవ్వింది. "ఆరున్నొకటంట, ఆరున్నొకటంట" అని వెనక బెంచీలో గొణుగుతున్నారు. మా కళ్ళంలో ఎంతో భద్రంగా పలికే మాట ఆ సున్నం గోడల మధ్య ఎంత మోటుగా వినపడిందో, నా చెవులకే.

అప్పుడు కిటికీ వైపు చూశాను. అయ్య ఊచల మధ్యలోంచి రెండు చేతులూ లోపలికి పెట్టి, ఒక చేతి వేళ్ళన్నీ, రెండో చేతివి రెండు వేళ్ళూ చాపి చూపిస్తున్నాడు. నాకు కాదు, టీచరమ్మకి. మా పిల్ల అన్నది ఇది అని. ఒక్క మాట అంటే చాలు. కళ్ళంలోనే కాదు, ఎక్కడైనా కొలిచే మనిషి నోట ఆ మాట రాకూడదని ఆయన జీవితమంతా ఉంచుకున్న నియమం. నోరు తెరిచాడు, మూశాడు, వేళ్ళు మాత్రం అలాగే చాపి ఉంచాడు.

టీచరమ్మ చూసింది. ఆయన ఎవరని అడిగింది. బయట నుంచి జవాబులు అందించకూడదండీ, పిల్లల్ని పాడుచేస్తారు మీరు, అని మర్యాదగానే చెప్పి గేటు అవతలికి వెళ్ళమంది. గంట కొట్టింది. నా పేరు దగ్గర గీత గీసింది. అయ్య చేతులు వెనక్కి తీసుకోబోతే ఒక చెయ్యి ఊచల్లో ఇరుక్కుంది. అది విడిపించుకునేదాకా అందరూ చూస్తూనే ఉన్నారు. ఆ కాసేపు నేను పడ్డ సిగ్గు రాయడానికి ఈ వయసులో కూడా నాకు చేత కావడం లేదు.

తిరుగు రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. అయ్య తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"అనేస్తే అయిపోయేది గదే," అన్నాడు చివరికి. "ఒక్క మాట. నోరు రానేదు."

నేను కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. తప్పు నాదే అని చెబుదామనుకున్నాను.

మేష్టరు మంచివారు. సంగతంతా విని, తల పట్టుకుని, వచ్చే ఏడు మళ్ళీ పంపుదాం, అందాకా ఐదులోనే కూర్చోమన్నారు. నాకన్నా జానెడు పొట్టి పిల్లల మధ్య మళ్ళీ అదే బెంచీ. బడి లేనప్పుడు కలుపుకి వెళ్ళేదాన్ని. మడిలో ఎవరో ఒకరు, ఏమే ఆరున్నొకటీ, అని పిలిచేవారు. మేష్టరుకు చెప్పిన కథ ఊరంతా పాకింది మరి. మా ఊళ్ళో అందరూ వాడే మాటే కదా అది. అయినా నన్ను పిలవడానికి మాత్రం అది ఎగతాళైంది.

అయ్య మళ్ళీ కుంచం దించాడు. ఈసారి వసారాలో, పొద్దున్నే. ఊక పోసి నింపేవాడు. "ఆ మాటే అనీ. ఇది ఇల్లు గదా, పర్వానేదు," అన్నాడు. అన్నాడే గానీ, నేను ఏడు అన్న ప్రతిసారీ ఆయన కనురెప్పలు ఒక్క క్షణం మూసుకునేవి. ఎవరో దెబ్బ కొట్టబోతే మూసుకున్నట్టు. ఆయనకు తెలియదది. నాకు కనపడేది. దాంతో జవాబు ఏడని తోచగానే ముందు ఆయన మొహం చూసి, ఆ తర్వాత చెప్పేదాన్ని. బడిలో మేష్టరు చేతి గడియారం పెట్టి చూసి, మిగతా అంకెలన్నీ చిటికెలో వస్తున్నాయి, ఏడు దగ్గరే దారికడ్డంగా కుక్క పడుకున్నట్టు ఆగి దాటుతోంది మీ పిల్ల, అన్నారు అయ్యతో. ఎంత సాధన చేసినా అది పోలేదు. రోజూ చేస్తే వేగం వస్తుందన్నది నిజమే. రోజూ భయపడుతూ చేస్తే ఆ భయం కూడా అంత వేగంగానూ వస్తుందని నాకు తెలిసింది అప్పుడే.

ఆ ఏడాది నూర్పులయ్యాయి. మా రాశి పెదనాన్నతో ఉమ్మడి. కొలిచే రోజున రాశికి దండం పెట్టి, ఎప్పట్లాగే తలకు తుండు చుట్టుకుని అయ్య కూర్చున్నాడు. పెదనాన్న గోనె పట్టుకున్నాడు. అమ్మ చేటతో, నేను చీపురుతో పక్కన ఉన్నాం. ఇరుగుపొరుగు కళ్ళాలవాళ్ళు గట్టు మీద చేరారు. అయ్య మొదటి దోసిలి తోడి కుంచంలో పోశాడు.

"ఒకటి," అన్నాడు.

అందరూ నోరు జారిందనే అనుకున్నారు. పెదనాన్న కూడా అలాగే అనుకుని, ఒరే, ఒంపీకు, మళ్ళీ మొదలెట్టు, అన్నాడు. అయ్య వినలేదు. ఒకటి ఒకటి ఒకటి, అని కుంచం నింపి గోనెలోకి ఒంపాడు. రెండు రెండు రెండు. నాకప్పుడు అర్థమైంది. వద్దని ఆపాలి. ఆపితే అందరికీ తెలిసిపోతుంది, ఇదంతా నా కోసమని. తెలియకూడదని నా ఆశ. అప్పటికే తెలిసిపోయింది, గట్టు మీద వాళ్ళు నన్నే చూస్తున్నారు. ఐదు అయింది, ఆరు అయింది. అదొక్కటైనా వదులుతాడని అందరికీ ఆశ. అయ్య దోసిలి తోడి, తల ఎత్తి నా మొహంలోకి చూశాడు. ఈసారి ఆయన రెప్పలు మూసుకోలేదు.

"ఏడు," అన్నాడు.

కుంచం నిండేదాకా ఆ అంకెనే అంటూ ఉండాలి కదా. ఏడు ఏడు ఏడు అని, ప్రతి దోసిలికీ ఒకసారి, నిండు రాశి ముందు, కళ్ళాలన్నీ వింటుండగా అన్నాడు. అమ్మ చేట కింద పెట్టి రెండు చేతులతో రాశిని తాకి కళ్ళకద్దుకుంది. అయ్య కుంచం ఒంపి చేతులు దులుపుకున్నాడు.

"నాను అన్నానే గుంటా. ఏటైనాది? ఇంక నువ్వాగకు."

పెదనాన్న గోనె వదిలేశాడు. ఆయన ఆ రోజు అరిచి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో. నెమ్మదిగా, తన వాటా వేరే చోట పోయించుకుంటాననీ, వేరే మనిషి చేత లాభం నుంచి కొలిపించుకుంటాననీ చెప్పాడు. అలాగే చేశాడు. విజయనగరంలో నా ముందు నవ్వినవాళ్ళు ఎవరో ఏమిటో. ఇక్కడ తల దించుకుని నిలబడింది పెదనాన్న, మా పెరట్లో మొక్కలకు కూడా తెలిసిన మనిషి. ఆ బడి గదిలో కన్నా కళ్ళంలో నాకు ఎక్కువ సిగ్గేసింది. అక్కడ సిగ్గు నా ఒక్కదానిదే. ఇక్కడ అయ్య చేత కూడా మోయించాను.

ఆ నూర్పుల్లో ఇంక ఎవరూ మా అయ్యను కొలవడానికి పిలవలేదు. ఎవరూ ఏమీ అనలేదు కూడా. పిలుపు రాలేదు, అంతే. అయ్య పొద్దున్నే తుండు భుజాన వేసుకుని వసారాలో కూర్చునేవాడు. ఒకరోజు పై వీధి ఇంటి మనిషి మా వాకిలి ముందు నుంచే వెళ్ళి, రెండిళ్ళ అవతల వేరొకాయన్ని పిలుచుకుని తిరిగి మా ముందు నుంచే వెళ్ళాడు. అయ్య కుంచం దగ్గరికి లాక్కుని నన్ను లెక్క అడిగాడు. జవాబు ఏడు. కుంచంలో అడుగు నిండక ముందే చెప్పేశాను. ఆయన మొహం చూడాల్సిన పని లేకపోయింది. నిజానికి ఆ మొహం చూసే ధైర్యం నాకు లేదు. కారణం ఏదైతేనేం, ఏడు దగ్గర ఆగడం ఆ రోజుతో పోయింది. మేష్టరు గడియారం పెట్టి చూసి, వీపు మీద తట్టి, ఇంక వెళ్ళిరా అన్నారు.

వేసవిలో మళ్ళీ అదే రైలు, అదే బడి, అదే గది. టీచరమ్మ కూడా ఆవిడే. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియలేదు. కిటికీ దగ్గర అయ్య లేడు. ముందే చెప్పాడు, తను గేటు దగ్గరే ఉంటానని. నన్ను లేపారు. కూడికలు, తీసివేతలు, ఎక్కాలు, పంపకాలు. ఒక్కో లెక్క పూర్తవుతుండగానే ఏడు వస్తుందేమోనని ఎదురుచూశాను. వస్తే చెప్పడానికి నాలుక చివర పెట్టుకుని నిలబడ్డాను. పన్నెండు వచ్చింది, నలభై ఐదు వచ్చింది, తొమ్మిది రెండుసార్లు వచ్చింది. చాలమ్మా, కూర్చో, అంది టీచరమ్మ. గంట ఒక్కసారి కూడా కొట్టలేదు. సాయంత్రం సీటు వచ్చినవాళ్ళ పేర్లు చదివారు, అందులో నాది ఉంది.

ఏడు రాలేదు. ఒక్క లెక్కకు కూడా జవాబు ఏడు కాలేదు. ఇరవై ఏడు కాలేదు, పదిహేడు కాలేదు. పేరు చదివినప్పుడు నేను సంతోషపడాలి. నాకు గోనె వదిలేసిన పెదనాన్న చేతులు, మా వాకిలి ముందు నుంచి దాటిపోయిన ఆ మనిషి గుర్తొచ్చారు.

గేటు బయట అయ్య గోడవార నిలబడి ఉన్నాడు. తలకు చుట్టుకునే తుండుని రెండు చేతులకూ కలిపి చుట్టుకుని, వేళ్ళు ఒక్కటీ కనపడకుండా పొట్ట మీద పెట్టుకుని ఉన్నాడు. పొద్దున్నుంచీ అలాగే నిలబడ్డాడట, వేళ్ళతో జవాబు అందిస్తున్నాడని ఎవరూ అనకుండా. సీటొచ్చిందని చెప్పాను. తల ఊపాడు. ఆయన అడగాలనుకున్నది అది కాదు.

"ఏడొచ్చిందా?" అన్నాడు.

ఆ తుండు చుట్టిన చేతుల వైపు చూశాను. "వచ్చింది," అన్నాను.

"ఏటని సెప్పినావు?"

"ఏడనే సెప్పినాను."

"ఆగనేదు గదా?"

"ఆగనేదయ్యా."

అయ్య చేతులకు చుట్టిన తుండు మెల్లిగా విప్పి, మొహం తుడుచుకుని, దాన్ని భుజాన వేసుకున్నాడు.

"అయితే ఊరికే పోనేదు," అన్నాడు.

బండికి వేళవుతోందని చెప్పి నేను ముందు నడిచాను, నా మొహం ఆయనకు కనపడకుండా.